పితృత్వ పరీక్ష ఫలితాలపై సందేహాలు

ఒక బిడ్డకు ఫలానా వ్యక్తి కన్నతండ్రి అవునా, కాదా అన్నది డీఎన్ఏ పోలికలను బట్టి తేల్చే పరీక్షను పితృత్వ పరీక్ష అంటారు. మనోవర్తి కేసులు, ఆస్తి తగాదాలు, ఆసుపత్రుల్లో బిడ్డలు తారుమారైన ఘటనలు, విదేశీ వీసాలు వంటి సందర్భాల్లో దీని అవసరం వస్తుంది. నివేదికలో 99.99 శాతం అని అచ్చయి వచ్చినా, ‘తండ్రి కాదు’ అని ఒక్క ముక్కలో తేలినా, అందుకున్నవాళ్ల మనసులో మొదట మెదిలే ప్రశ్న ఒకటే: ఇది నిజమేనా? ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. అయితే అనుమానం ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలి. ఈ పరీక్షలో యంత్రం పొరబడే సందర్భాలు తక్కువ. నమూనా ఎవరిది, పోల్చింది ఎవరితో, లెక్క ఏ ఊహ మీద కట్టారు అన్న మూడు చోట్లే అసలు చిక్కులు ఉంటాయి.

మన దేశంలో ఈ పరీక్ష పుట్టి పెరిగిన కథలో పెద్ద భాగం హైదరాబాదు తూర్పు కొసనే జరిగింది. హబ్సిగూడ, నాచారం, రామంతాపూర్, ఉప్పల్ ఒకదానినొకటి ఆనుకుని ఉన్న పేటలు. ఎక్కడెక్కడి న్యాయస్థానాల నుంచో సీలు వేసిన నమూనాలు ఈ నాలుగు పేటలకు చేరుతూ వచ్చాయి.

ఉప్పల్ దారిలోని సంస్థలు

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ ఉంది. పూర్తి పేరు కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. 1977లో మొదలైన ఈ సంస్థకు పుష్పమిత్ర భార్గవ వ్యవస్థాపక సంచాలకులు. ఎడిన్‌బరోలో పరిశోధనలు చేసిన లాల్జీ సింగ్ 1987లో ఇక్కడ చేరారు. అంతకు మూడేళ్ల ముందు, 1984 సెప్టెంబరులో, ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని కనిపెట్టారు. లాల్జీ సింగ్ ఆ పద్ధతిని అరువు తెచ్చుకోలేదు. పట్టెల కట్లపాము డీఎన్ఏలో తాను గుర్తించిన ఒక వరుస ఆధారంగా బీకేఎం అనే శోధకాన్ని తయారు చేసి, దానితోనే మనుషులను వేరుపరచి చూపారు. పాము మీద మొదలైన పరిశోధన మనిషి పుట్టుకను తేల్చే సాధనమైంది.

ఆ సాధనానికి తొలి పెద్ద పరీక్ష కేరళలోని తలస్సేరి నుంచి వచ్చిన పితృత్వ వివాదం. తల్లి, బిడ్డ, తండ్రిగా ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, ఈ ముగ్గురి రక్తం సీసీఎంబీకి వచ్చింది. లాల్జీ సింగ్ కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. న్యాయస్థానం ఆ సాక్ష్యాన్ని స్వీకరించింది. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. భారతీయ న్యాయస్థానాల్లో డీఎన్ఏ సాక్ష్యానికి దారి తెరిచిన కేసుగా దీన్ని చెబుతారు.

కేసులు పెరిగేసరికి ఈ పనికి వేరే సంస్థ కావలసి వచ్చింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద సీడీఎఫ్‌డీ, అంటే డీఎన్ఏ వేలిముద్రలు, వ్యాధి నిర్ధారణ కేంద్రం, 1990ల నడుమ రూపుదిద్దుకుంది. దాన్ని నిలబెట్టినవారిలోనూ లాల్జీ సింగ్ ముఖ్యులు. చాలా ఏళ్లు నాచారంలో ఈసీఐఎల్ రోడ్డు మీద నడిచిన ఈ కేంద్రం మధ్యలో నాంపల్లికి వెళ్లి, తరవాత ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన సొంత ప్రాంగణానికి చేరింది. కోర్టులు, దర్యాప్తు సంస్థలు పంపే నమూనాల పరీక్షతో పాటు జన్యువ్యాధుల నిర్ధారణ, మౌలిక పరిశోధన కూడా ఇక్కడ సాగుతాయి.

మూడోది రామంతాపూర్‌లోని కేంద్ర న్యాయవైజ్ఞానిక ప్రయోగశాల. ఇది కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పరిధిలో పనిచేస్తుంది. ఒక ప్రయోగశాల ఇచ్చిన ఫలితంపై అనుమానం వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు స్వయంగా చూపిన జవాబులో ఈ సంస్థకు భాగం ఉంది. ఆ సంగతి తరవాత వస్తుంది.

డీఎన్ఏకు ముందు

డీఎన్ఏ పరీక్షలు రాకముందు ఆధారం రక్తం గ్రూపులే. వాటితో ‘కాదు’ అని చెప్పవచ్చు గానీ ‘అవును’ అని చెప్పలేరు. ఏబీ గ్రూపు బిడ్డకు ఓ గ్రూపు వ్యక్తి తండ్రి కాలేడన్నది సాధారణ సూత్రం. ఆ సూత్రానికీ మినహాయింపు ఉందని మన దేశంలోనే బయటపడింది. 1952లో వై.ఎం. భెండే బొంబాయిలో గుర్తించిన ‘బాంబే’ రక్తవర్గం మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనబడుతుంది. కానీ ఆ వ్యక్తి తన బిడ్డకు ఏ లేదా బీ లక్షణాన్ని అందించగలడు. అది తెలియని చోట అసలు తండ్రినే కాదని తోసిపుచ్చే ప్రమాదం ఉండేది. పరీక్షను నమ్మే ముందు దాని మినహాయింపులు తెలుసుకోవాలన్న పాఠం అంత పాతది.

పరీక్ష ఎలా జరుగుతుంది

ఇప్పుడు వాడుకలో ఉన్నది ఎస్టీఆర్ పద్ధతి. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల నాలుగక్షరాల చిన్న ముక్క జపమాల పూసల్లా పదే పదే వస్తుంది. ఒకరిలో అది 13 సార్లు వస్తే మరొకరిలో 16 సార్లు రావచ్చు. ప్రతి చోటా మనకు రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. ఇలాంటి స్థానాలను పదిహేను నుంచి ఇరవై దాకా, కొన్ని కిట్లలో అంతకన్నా ఎక్కువే చూస్తారు.

ఊదా మూత గొట్టంలోకి తీసిన కొద్దిపాటి రక్తం గానీ, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసిన కణాలు గానీ చాలు. వాటి నుంచి డీఎన్ఏను వేరుచేసి, పీసీఆర్ యంత్రంలో ఆ స్థానాలను కోట్ల ప్రతులుగా పెంచి, సన్నని గాజు నాళం గుండా పంపుతారు. కంప్యూటరు తెర మీద ఒక్కో స్థానం దగ్గర ఒకటి లేదా రెండు శిఖరాలు లేస్తాయి. నిజమైన శిఖరానికి ఒక అడుగు వెనక చిన్న నీడ శిఖరం కూడా తరచు కనబడుతుంది. అది యంత్రం ప్రతులు తీసేటప్పుడు జారిన ముక్క. అసలు శిఖరాన్ని నీడ నుంచి విడదీసి చదవడానికి అనుభవం కావాలి. అందుకే మంచి ప్రయోగశాలల్లో ఒకరు చదివినదాన్ని మరొకరు విడిగా చదివి సరిచూస్తారు.

ఒక స్థానాన్ని తీసుకుందాం. తల్లికి 13, 14 ఉన్నాయి. బిడ్డకు 13, 15. పదమూడు తల్లిది కనుక పదిహేను తండ్రి నుంచే రావాలి. తండ్రి అని చెబుతున్న వ్యక్తికి 15, 16 ఉంటే ఆ చోట పొత్తు కుదిరింది. 11, 16 ఉంటే కుదరలేదు. ఇదే ప్రశ్నను ప్రతి స్థానంలోనూ అడుగుతారు.

99.99 శాతం అంటే

ఒక్క చోట కలిసినంత మాత్రాన ఏమీ తేలదు, ఎందుకంటే పదిహేను అన్న సంఖ్య ఊళ్లో చాలామందికి ఉంటుంది. ఆ సముదాయంలో దాని వాటా పదో వంతు అనుకుందాం. పై ఉదాహరణలోని వ్యక్తి తన రెండు సంఖ్యల్లో పదిహేనును బిడ్డకు ఇచ్చే అవకాశం సగం. దారిన పోయే మరొకరి నుంచి అది వచ్చే అవకాశం పదో వంతు. సగాన్ని పదో వంతుతో భాగిస్తే 5. ఇది ఆ స్థానపు పితృత్వ సూచిక. ఇలాంటి స్థానాలు పది ఉండి, ఒక్కోచోటా 5 వస్తే, వాటిని ఒకదానితో ఒకటి గుణించాలి. మొత్తం సూచిక 97,65,625 అవుతుంది. శాతంలోకి మారిస్తే 99.99999.

ఈ శాతం వెనక రెండు ఊహలు ఉన్నాయి. మొదటిది, పరీక్షకు ముందు ఆ వ్యక్తి తండ్రి అయ్యే అవకాశం సగానికి సగం అనుకోవడం. మొత్తం సూచిక 10,000 అయితే ఆ లెక్కన 99.99 శాతం వస్తుంది. మిగతా సాక్ష్యాలను బట్టి ముందస్తు అవకాశం నూటికి ఒక్కటే అనుకుంటే, అదే సూచికకు 99.02 శాతమే వస్తుంది. అందుకే నిపుణులు శాతం కన్నా మొత్తం సూచికను ముందు చూస్తారు. రెండో ఊహ, పోలిక జరుగుతున్నది రక్తసంబంధం లేని ఎవరో ఒకరితో అనుకోవడం. మన కుటుంబాల విషయంలో ఈ రెండో ఊహే ఎక్కువ తిప్పలు పెడుతుంది.

సందేహాలకు మూలాలు

నమూనా తారుమారు: అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది దీన్నే. ఒకరి బదులు మరొకరు నమూనా ఇవ్వడం పరీక్షంత పాతది. ఇంగ్లండులో డీఎన్ఏ సాయంతో ఛేదించిన తొలి హత్యల కేసులో, 1987లో, నిందితుడు కాలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి ఉద్యోగి చేత రక్తం ఇప్పించాడు. ఆ సంగతి నలుగురిలో మాటగా బయటికి పొక్కబట్టి దొరికాడు. ప్రయోగశాల తనకు అందిన రక్తాన్ని చక్కగానే చదివింది. రక్తం ఎవరిదన్నదే అబద్ధం. అందుకే కోర్టు పరీక్షల్లో ముగ్గురినీ ఒకేసారి పిలిచి, ఒకరి ఎదుట ఒకరికి నమూనా తీసి, ఫొటో, సంతకం, వేలిముద్ర తీసుకుని, గొట్టానికి సీలు వేసి, ఆ సీలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసి ఉంచుతారు. ఇంటికి కిట్ తెప్పించుకుని గుట్టుగా చేయించుకునే పరీక్షల్లో ఈ గొలుసు ఉండదు. వాటి ఫలితం ఎంత కచ్చితంగా కనిపించినా, ఆ పుల్ల ఎవరి బుగ్గను తాకిందో నివేదిక చెప్పలేదు.

ఒకటి రెండు చోట్ల తేడా: తండ్రి నుంచి బిడ్డకు చేరేటప్పుడు 15 కాస్తా 16గా మారడం ప్రకృతిలో ఉన్నదే. దీన్ని ఉత్పరివర్తనం అంటారు. స్థానాన్ని బట్టి మారినా, సగటున ఒక్కో స్థానంలో వెయ్యి జననాలకు ఒకటి నుంచి మూడు సార్లు ఇది జరుగుతుంది. తల్లి వైపు కన్నా తండ్రి వైపు ఎక్కువ. ఇరవై స్థానాలు చూసినప్పుడు, నూరు నిజమైన తండ్రీబిడ్డల జతల్లో మూడు నాలుగింటిలో ఎక్కడో ఒక చోట తేడా కనబడుతుందన్నమాట. ఒక్క తేడా చూసి ‘తండ్రి కాదు’ అనేస్తే ఆ కుటుంబాలన్నీ అన్యాయమైపోతాయి. అందుకని ఆ స్థానానికి ఉత్పరివర్తన లెక్క కడతారు. మిగతా చోట్ల మొత్తం సూచిక కోటి వచ్చి, తేడా ఉన్న చోట 0.002 అనుకుంటే, కోటి కాస్తా 20,000 అవుతుంది. అంటే ఇంకా 99.995 శాతం. అలాంటి తేడాలు మూడుంటే సూచిక 0.08కి పడిపోతుంది. తండ్రి కాదనడానికి మూడు గానీ అంతకుమించి గానీ తేడాలు కావాలన్న నియమం చాలాచోట్ల పాటించడం ఇందుకే. పీసీఆర్‌లో వాడే చిన్న ముక్క అతుక్కోవలసిన చోటే డీఎన్ఏ అక్షరం మారి ఉంటే, ఒక శిఖరం అసలు లేవకుండా పోయి లేని తేడా పుట్టడమూ ఉంది. ఇంకో కంపెనీ కిట్‌తో మళ్లీ చూస్తే ఆ లోపం బయటపడుతుంది.

దగ్గరి బంధువులు, మేనరికాలు: అన్నదమ్ముల డీఎన్ఏలో సగటున సగం ఒకటే. అసలు తండ్రి తమ్ముడైతే, పరీక్షకు వచ్చిన అన్న కూడా చాలా స్థానాల్లో బిడ్డతో కలుస్తాడు. స్థానాలు తక్కువ చూస్తే పొరపాటుకు చోటుంటుంది. వై క్రోమోజోము పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది ఇంటిపేరులా తండ్రి నుంచి కొడుక్కు మారకుండా వస్తుంది కనుక అన్నదమ్ములకు, బాబాయిలకు, పెదనాన్న కొడుకులకు ఒకటే ఉంటుంది. తెలుగు కుటుంబాల్లో మేనమామను గానీ మేనబావను గానీ చేసుకునే ఆచారం వల్ల మరో చిక్కు ఉంది. భార్యాభర్తలు ముందే రక్తసంబంధీకులైతే ఇద్దరికీ ఒకే సంఖ్యలు ఎక్కువగా ఉంటాయి. తల్లికీ బిడ్డకూ 13, 14 అన్న ఒకే జత ఉన్నప్పుడు తండ్రి ఇచ్చింది పదమూడా, పద్నాలుగా తేలదు. ఆ స్థానం సాక్ష్యబలం తగ్గిపోతుంది.

సముదాయం మొత్తానికీ ఇలాంటి విశేషం ఉంది. హైదరాబాదు సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం 25 సముదాయాలకు చెందిన 132 మందిని పరిశీలించింది. తరతరాలుగా లోపలి పెళ్లిళ్ల వల్ల చాలా సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల ముద్రను ఇప్పటికీ మోస్తున్నాయని చూపింది. అందులో పాల్గొన్న లాల్జీ సింగ్ సీడీఎఫ్‌డీకి పునాది వేసినవారు. మరొకరు కె. తంగరాజ్ తరవాతి కాలంలో ఆ సంస్థకు సంచాలకులయ్యారు. ఎక్కడివో గణాంకాలను తెచ్చి ఇక్కడి కుటుంబానికి అంటగట్టకూడదన్నదే దీని సారం. అడిగిన సంబంధం ఏమిటో, అనుమానం ఎవరి మీద ఉందో ప్రయోగశాలకు ముందే చెప్పాలి. చెబితే మరిన్ని స్థానాలు చూసి, ఆ బంధుత్వాన్ని లెక్కలో కలిపి తేల్చగలరు.

అరుదైన శారీరక స్థితులు: ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారి రక్తంలో దాత డీఎన్ఏ ప్రవహిస్తుంది. వారి బుగ్గ నమూనాలో కూడా అది కలిసి రావచ్చు. వెంట్రుక కుదుళ్లు మేలు. ఇటీవల రక్తం ఎక్కించుకున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంకా అరుదుగా, గర్భంలో కవలలుగా మొదలై ఒకరిలో ఒకరు కలిసిపోయినవారి శరీరంలో రెండు రకాల కణాలు ఉంటాయి. దీన్ని కైమెరిజం అంటారు. అమెరికాలో ఒక తండ్రి లాలాజలం బిడ్డతో కలవకపోగా, వీర్యకణాలను చూసినప్పుడు అసలు సంగతి తెలిసిన ఉదాహరణ 2015లో వెల్లడైంది. సమరూప కవలల్లో ఎవరు తండ్రి అన్నది మామూలు ఎస్టీఆర్ పరీక్షతో తేలదు.

న్యాయస్థానాల్లో

1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం, పెళ్లి నిలిచి ఉండగా గానీ, అది రద్దయిన 280 రోజుల లోపు తల్లి మళ్లీ పెళ్లాడకుండా గానీ పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. బిడ్డ కడుపున పడగల కాలంలో ఇద్దరూ కలిసే వీలే లేదని చూపితే తప్ప దాన్ని కాదనలేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే 116వ సెక్షన్‌గా ఉంది.

ఈ సూత్రం, డీఎన్ఏ ఫలితం ఎదురుబొదురుగా నిలిచింది మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక మనోవర్తి కేసులో. నాగ్‌పూర్ ప్రయోగశాల భర్త తండ్రి కాదని నివేదిక ఇచ్చింది. ఆ ఫలితం సరికాదని తల్లీబిడ్డల తరఫున అభ్యంతరం వచ్చింది. సుప్రీంకోర్టు ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేదు. హైదరాబాదులోని కేంద్ర న్యాయవైజ్ఞానిక ప్రయోగశాలలో మళ్లీ పరీక్ష చేయించింది. రెండో ఫలితం కూడా మొదటిదే చెప్పింది. 2014 జనవరి 6న తీర్పునిస్తూ, రుజువైన శాస్త్రీయ సత్యం ముందు చట్టపు ఊహ నిలవదని కోర్టు తేల్చింది. అప్పటివరకు చెల్లించిన మనోవర్తిని మాత్రం వెనక్కి అడగరాదని చెప్పింది.

తెలుగు పాఠకులకు బాగా గుర్తున్నది నారాయణ దత్త్ తివారీ కేసు. 2007 నుంచి 2009 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్న ఆయన తన కన్నతండ్రి అంటూ రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు. పరీక్ష తప్పించుకోవాలని తివారీ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2012 మే 29న డెహ్రాడూన్‌లోని నివాసంలో, కోర్టు ఏర్పాటు చేసిన అధికారుల సమక్షంలో రక్త నమూనా తీశారు. అది హైదరాబాదు సీడీఎఫ్‌డీకి చేరింది. జులై 27న హైకోర్టులో సీలు కవరు తెరిచారు. తివారీయే తండ్రి అని నివేదిక చెప్పింది. రెండేళ్ల తరవాత ఆయన రోహిత్‌ను కొడుకుగా బహిరంగంగా అంగీకరించారు. బలవంతుడూ సామాన్యుడూ ఎదురెదురుగా ఉన్న వ్యాజ్యంలో సీలు, సాక్షి, కవరు ఎంత విలువైనవో ఆ కేసు చూపింది.

అయినా అడిగిందే తడవుగా పరీక్షకు పంపడం కోర్టులకు ఇష్టం లేదు. 1993లోనే సుప్రీంకోర్టు ఊరికే తవ్వి చూడడానికి రక్తపరీక్షలకు ఆదేశించరాదని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో, భార్య నడవడిని రుజువు చేయడానికి బిడ్డ డీఎన్ఏను సాధనంగా వాడుకోవడాన్ని తిరస్కరించింది. 2025 జనవరిలో, చట్టబద్ధమైన పుట్టుక ఉన్నచోట పితృత్వాన్ని విడిగా తవ్వనక్కర్లేదన్న ధోరణిలోనే తీర్పు చెప్పింది.

వీసాలు, నియంత్రణ

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ పరీక్ష మరో రూపంలో ఎదురవుతుంది. జనన ధ్రువపత్రాలు ఆలస్యంగా నమోదైనప్పుడు, పత్రాల మధ్య పొంతన లేనప్పుడు, దౌత్య కార్యాలయం డీఎన్ఏ రుజువును సూచించవచ్చు. ఏఏబీబీ అనే సంస్థ గుర్తింపు ఉన్న అక్కడి ప్రయోగశాలే పరీక్ష చేయాలి. కిట్ నేరుగా దౌత్య కార్యాలయం ఏర్పాటు చేసిన చోటికి వస్తుంది. కుటుంబం చేతికి ఇవ్వరు. కనీసం 99.5 శాతం ఉండాలి.

మన దేశంలో డీఎన్ఏ ప్రయోగశాలలన్నిటినీ ఒక మండలి కిందికి తేవాలన్న బిల్లును 2019 జులైలో లోక్‌సభలో ప్రవేశపెట్టి, 2023 జులైలో ఉపసంహరించుకున్నారు. ప్రయోగశాల సమర్థతకు ఎన్ఏబీఎల్ అనే సంస్థ ఇచ్చే గుర్తింపు ఒక కొలబద్ద.

ఫలితంపై అనుమానం ఉంటే

నివేదికలో చూడవలసినవి కొన్నే: ఎన్ని స్థానాలు పరీక్షించారు, ఎన్ని చోట్ల కలవలేదు, మొత్తం సూచిక ఎంత, తల్లి నమూనా కూడా చూశారా, నమూనా ఎవరి ఎదుట తీశారు. తల్లి నమూనా లేకపోయినా పరీక్ష చేయవచ్చు గానీ సాక్ష్యబలం తగ్గుతుంది. అనుమానం తీరకపోతే, మిగిలిపోయిన పాత గొట్టాన్ని కాక కొత్తగా తీసిన నమూనాలను, వేరే ప్రయోగశాలకు పంపాలి. పాత నమూనాలోనే పొరపాటు ఉంటే ఎన్నిసార్లు చదివినా అదే పొరపాటు వస్తుంది. నాగ్‌పూర్ తరవాత హైదరాబాదులో జరిపించిన పరీక్ష ఆ అనుమానానికి కోర్టు ఇచ్చిన గౌరవం. అలా అడిగే హక్కు ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ ఉండాలి.

ఈ పరీక్షకు తనంతట తాను రానిది బిడ్డ ఒక్కటే. వేలు చాపమంటే చాపుతుంది, నోరు తెరవమంటే తెరుస్తుంది. వచ్చే ఫలితం జీవితాంతం మోయవలసింది మాత్రం ఆ బిడ్డే. నమూనా తీసే వైద్యుడు, శిఖరాలు చదివే శాస్త్రవేత్త, కవరు తెరిచే న్యాయమూర్తి, పరీక్ష కోరే పెద్దలు ఆ సంగతి మరవకుండా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలసిన బాధ్యత అక్కడి నుంచే వస్తుంది.